నక్క మామకు పంపిన చిలక

కొండ కింద, మనుషులు వదిలేసిన రాతి క్వారీలో ‘ముళ్లపొద’ అనే బ్యాండు ఉండేది. మైనా సింగారి పాడేది. వడ్రంగిపిట్ట తవిటయ్య ఎండుమోడు మీద డ్రమ్ము వాయించేవాడు. గిటారు పని నాలుగు కీచురాళ్లు చూసుకునేవి. ఎవరి అండా లేదు, ఎవరి పెత్తనమూ లేదు. ఆల్బమ్ తయారైతే ఏడు పాటలూ ఒక కొత్త చిలకకు నేర్పేవాళ్లు, అది తోట తోటకూ తిరిగి వినిపించేది.

ఈ ఏడు ‘ఎండిన వాగు’ సిద్ధమైంది. తొలకరి సంబరంలో వేదిక దొరికితే బ్యాండు నిలుస్తుంది. లేదంటే తవిటయ్య మళ్లీ ఊళ్లో పిట్టల గూళ్లకు తొర్రలు తవ్వే కూలికి పోవాల్సిందే. వేదిక ఇచ్చేది గేదె గౌరమ్మ. ఆవిడేమో నక్క పరాంకుశం సమీక్ష విన్నాకే తలూపుతుంది.

పరాంకుశానిది ఒకటే పాట: కొత్తది చెత్త, పాతది గొప్ప. పోయినేడు వీళ్ల ‘బురద కాళ్లు’ వచ్చినప్పుడు గోల అన్నాడు. అడవంతా దాన్నే కూనిరాగం తీస్తుంటే, అజరామరమని మొదట గుర్తించింది తనేనన్నాడు.

“దరువు కాస్త మెత్తగా వెయ్యనా సింగారీ? మామకు గట్టిది పడదు,” అన్నాడు తవిటయ్య.

“మామకు పడనిది దరువు కాదు, వినడం. అసలు ‘బురద కాళ్లు’ విన్నాడంటావా?”

“వినే ఉంటాడులే.”

“అయితే తేల్చేద్దాం. ఆయన దగ్గరికి పోయినేటి చిలకను పంపు.”

“పట్టేస్తే?”

“పట్టేస్తే ఆయన చెవులకు దండం పెట్టి, ఏం చెప్పినా సరిదిద్దుకుందాం.”

పాత చిలక వెళ్లి పాడింది. పరాంకుశం ఒళ్లు గోక్కుంటూ కూర్చుని, మూడో పాట సగంలో “చాలమ్మా, అర్థమైంది” అని పంపేశాడు.

మర్నాడు పొద్దున్నే సమీక్ష వినడానికి గౌరమ్మ మేసే బీడులో అందరూ చేరారు. నక్క ఓ బండ మీదికెక్కింది.

“ముళ్లపొద పని అయిపోయింది. ‘బురద కాళ్లు’లోని ఆ తడి, ఆ ఆవేదన ఇందులో ఏవీ? మూడో పాటయితే మరీ. పాత మూడో పాటను కాపీ కొట్టబోయి చతికిలబడ్డారు.”

గౌరమ్మ నెమరు ఆపింది. “ఏదీ, ఆ చిలక చేతే ఆ పాట పాడించండి.”

చిలక ఎత్తుకుంది. రెండు చరణాలు కాకముందే గేదెల తలలు ఊగాయి, కుందేళ్లు పల్లవి అందుకున్నాయి.

“ఏడాదిగా నేను నెమరేస్తూ పాడుకుంటున్నది ఇదే కదయ్యా పరాంకుశం,” అంది గౌరమ్మ.

“ఈ చిలక మోసం చేసింది. కొత్తదని చెప్పి పాతది పాడింది.”

“కొత్తదని నేనెప్పుడన్నాను మామా? పాడమన్నావు, పాడాను. మధ్యలో ఆపమన్నదీ నువ్వే,” అంది చిలక.

“మీకు అర్థం కాలేదు. ఆ పాట తన స్థాయిని తనే అందుకోలేకపోయిందని నా భావం.”

“తనకంటే తనే తక్కువైందా? ఎన్ని అంగుళాలు మామా?” అంది ఓ కుందేలు. బీడంతా నవ్వు.

సింగారి ముందుకొచ్చింది. “తిట్టొద్దని అనను మామా. మా నాలుగో పాట మీద నాకే అనుమానం. కానీ విని తిట్టు.”

గౌరమ్మ కొత్త చిలకను పిలిపించి ఏడు పాటలూ వింది.

“నాలుగోది సాగింది తల్లీ, కత్తిరించు. ఆరోది వింటూ ఈగలు తోలుకోవడమే మరిచిపోయాను. వేదిక మీకే.”

“ఆరోది బాగుందనే నేనూ అనబోతున్నా,” అన్నాడు పరాంకుశం బండ మీద నుంచి. ఒక్కరూ తల తిప్పలేదు. అందరూ కొత్త చిలక చుట్టూ మూగి, ఆరో పాట మళ్లీ పాడమంటున్నారు.

నీతి: పొగిడేటప్పుడు వినని చెవులకు తిట్టేటప్పుడు విలువ ఉండదు.