శర్మగారు పడవలో దాటిన చెరువు

మేం గీసిన రాజ్యపటాన్ని నమ్ముకుని వేటకెళ్లిన భూపతి మహారాజు అడవికి బదులు ఒక జొన్నచేలో తేలారు. చేను కాసే ముసలమ్మ పిట్టలతో పాటు ఆయన్నీ వడిసెలతో అదిలించిందట. ఆ సాయంత్రమే నాకు పిలుపొచ్చింది.

ఓబులయ్యంటే నేనే. సంస్థానం పటాల కచేరీకి పెద్దని. పెద్దనంటే, అక్కడ మిగిలింది నేనొక్కణ్నే కాబట్టి. మా తాత గీసిన పటాన్ని మా నాన్న మక్కికి మక్కి దించాడు, ఆయన దించినదాన్ని నేను దించాను. ఈలోగా ఏరు పక్కకి జరిగింది, అడవి చేలయింది, మూడు కొత్త ఊళ్లు వెలిశాయి. మేం మాత్రం కచేరీ గడప దాటి ఎరగం.

"రాజ్యం ఇవాళ ఎలా ఉందో అలా పటం కావాలి. ఎన్నాళ్లు పడుతుంది?" అన్నారు రాజుగారు.

"పదిమంది మనుషుల్నీ, కొలతాళ్లనీ ఇప్పిస్తే రెండేళ్లు ప్రభూ."

ఆస్థాన పండితుడు మార్తాండ శర్మ ఉత్తరీయం సర్దుకున్నాడు. "నాకు నెల చాలు. ఊరూరా స్వయంగా తిరిగి గీస్తాను."

రాజుగారికి ఆ మాట తెగ నచ్చింది. శర్మ పటం బాగుంటే కచేరీ మూసేస్తామనీ, నేను ఏనుగుశాలలో పేడ ఎత్తాలనీ సెలవిచ్చారు. ఏనుగు పేడంటే మాటలా మరి.

మర్నాడు శర్మ మా పాత పటం ఒకసారి చూసిస్తానని పట్టుకుపోయాడు. నెల తిరిగేసరికి పట్టుబట్ట మీద బంగారు అంచుతో కొత్త పటం తెచ్చి సభలో పరిచాడు. అందరూ ఆహా అన్నారు. నేనూ అనబోయి, దక్షిణం కొండ కింద నీలంగా ఉన్న పెద్ద చెరువు చూసి ఆగిపోయాను.

"శర్మగారూ, ఈ చెరువు మీరు కళ్లారా చూశారా?"

"చూడకుండా వేస్తానా? పడవ మీద దాటాను. ఒక పూట పట్టింది."

"నీళ్లెలా ఉన్నాయి?"

"కొబ్బరినీళ్లే అనుకో. దోసిళ్లతో తాగాను."

నోరు విప్పితే పరువు పోతుంది. మూస్తే ఉద్యోగం పోతుంది. పరువు ఎలాగూ పెద్దగా లేదు కదాని నోరు విప్పాను.

"ప్రభూ, పన్నెండేళ్ల కిందట పటం మీదే ఆకు వేసుకుని భోంచేస్తుంటే గిన్నె ఒలికింది. తుడిస్తే ఇంకా పాకింది. చీవాట్లకి భయపడి, మరక చుట్టూ గట్టు గీసి నీలం పూసి చెరువన్నాను. అక్కడున్నది రాళ్ల బీడు.

"శర్మగారు పడవేసుకుని దాటింది మా ఆవిడ కాచిన పప్పుచారు."

సేనాపతి మెల్లగా లేచాడు. "నిజమే ప్రభూ, ఆ బీడు పక్కనే మా అత్తగారి ఊరు. చెరువే ఉంటే, పండక్కెళ్లిన అల్లుడి చేత అంత దూరం నుంచి నీళ్లు మోయిస్తారా?"

రాజుగారు కిరీటం జారేలా నవ్వారు. కళ్లు తుడుచుకుని, నాకు రెండేళ్ల గడువూ, పదిమంది మనుషులూ, కొలతాళ్లూ, ఒక జత కొత్త చెప్పులూ ఇప్పించారు. తర్వాత శర్మ వైపు తిరిగారు.

"మీ పటం తప్పని మేమనం శర్మగారూ. ఆ చెరువు తవ్వించి రండి."