పాలగ్లాసులో పొడి

వేదగిరి తెనాలిలో రైలు దిగేసరికి, అతని మొహం చూసి రిక్షావాడు బేరమే ఆడలేదు. నిద్రపోయి ఏడాదైనట్టున్నాయి కళ్లు.

నేరుగా రత్నమాలమ్మ గారింటికి వెళ్లాడు. నాటక సమాజాన్ని ఒంటిచేత్తో నడిపిన మనిషి ఆవిడ. వేదగిరికి మొహానికి రంగు పూసుకోవడం దగ్గర్నుంచి నేర్పిన గురువు. ఆవిడ ఆడించిన ‘పాలగ్లాసు’ నాటకాన్నే అతనిప్పుడు సినిమాగా తీస్తున్నాడు.

“ఏరా గిరీ, ఎవరు పోయారు?” అందావిడ.

“నేనే పోయేట్టున్నానమ్మా” అంటూ కూలబడ్డాడు. “నాటకంలో తమ్ముడు నిండు హాలు ముందు అన్నగారి పాలల్లో విషం పొడి కలిపేవాడు. ఒక్కడూ పట్టుకున్న పాపాన పోలేదు. అదే నా కెమెరా ముందు కలిపితే, ప్రొడ్యూసరు గారి అత్తగారు కళ్లజోడు లేకుండానే పట్టేసింది! పోనీ ఆ చెయ్యి దాచేసి ఆఖర్న చెబితే, మోసం చేశావంటున్నారు. రేపొక్కరోజు మళ్లీ తియ్యమన్నారు. అదీ కుదరకపోతే సినిమా ఇంకొకరి చేతికి పోతుంది.”

“నాటకంలో ఉన్నదంతా పెట్టావా?”

“అంతా పెట్టాను. అప్పుడే అటుపక్కన కోడలు, ఒక కాలు ఊగే స్టూలెక్కి గోడగడియారానికి కీ ఇచ్చేది చూడండి, అదొక్కటే వదిలేశాను. హత్యకీ దానికీ ఏం సంబంధం? ఉత్త సాగతీత.”

“ఊఁ” అని ఆవిడ తమలపాకుల పళ్లెం దగ్గరికి లాక్కుంది. “చెప్పు, వింటున్నా.”

అందులోని అడకత్తెర ఉందే, గండ్రగొడ్డలికి సొంత అక్క. దాన్ని కుడిచేత్తో పట్టుకుని దాని నోరు తెరిచింది ఆవిడ. చెయ్యి గడగడ వణుకుతోంది. అదే చేతి బొటనవేలు తిన్నగా వెళ్లి రెండు అంచుల మధ్యా పడుకుంది.

వేదగిరి చెబుతూనే ఉన్నాడు గానీ, మాట తడబడుతోంది. అడకత్తెర మూసుకోబోయి తెరుచుకుంటోంది. మళ్లీ మూసుకోబోతోంది. అతని గుండె చప్పుడు రైలుస్టేషన్ దాకా వినబడుతోంది.

“అమ్మా, వేలు...”

“నా వేలుకేం గానీ, ఇదిగో” అని ఆకు చుట్టి అతని చేతిలో పెట్టింది.

హమ్మయ్యా అనుకుని నోట్లో వేసుకున్నాడు. ఒక్కసారి నమిలాడు. అంతే! నాలుక మీద లంక తగలబడింది. పెరట్లోకి పరుగెత్తి, బావి ఎండిపోయేలా పుక్కిలించి, కళ్లనీళ్లతో వచ్చాడు.

“సున్నం... ఎంత రాశారమ్మా?”

“గోడకి వెయ్యగా మిగిలిందంతా. నీ ముక్కు కిందే రాశాను కదరా, ఎడంచేత్తో. చూళ్లేదూ?”

“నేను మీ బొటనవేలు...”



ఆవిడ తనకోసం ఇంకో ఆకు తీసుకుంది. అడకత్తెర టకటకమని వక్కలు కొడుతోంది. చెయ్యి ఇసుమంతైనా వణకడం లేదు.

వేదగిరి ఆ చేతికేసి చూశాడు. లేచి వీధి అరుగు మీదికి వెళ్లి, సెట్లు వేసే అతనికి ఫోను చేశాడు. కాలిన నాలుకతో ముద్దముద్దగా చెప్పాడు.

“ఒక స్టూలు కావాలయ్యా రేపటికి. వద్దు, కొత్తది వద్దు. ఒక కాలు పొట్టిదై ఉండాలి.”