పై కుళాయి

"వకుళా, ఉడుకునీళ్లు వస్తాండాయా?"

కింది స్నానాలగదిలోంచి శేషాచలం సారు పిలిచినాడు. పైన నీళ్లు పడుతున్న చప్పుడే బదులు. హార్సిలీ కొండ మీది ఆ ఇంటి వసారాలో నిలబడిన సుగుణ చటుక్కున తలెత్తి మిద్దెవైపు చూసింది. ఆయన భార్య వకుళమ్మ పోయి ఏడాది దాటింది. ఇంట్లో ఒక్కణ్ణే ఉంటానని ఆయనే చెప్పినాడు.

ఆ మాట పట్టుకునే సుగుణ ఒక మనిషికి, ఒక కుళాయికి చాలినట్టు, నీళ్లు పారుతుండగానే కాచే గ్యాస్ గీజరు బిగించింది. నిమిషానికి ఆరు లీటర్లది. సొంతంగా చేసిన మొదటి పని. రోజూ సగం స్నానంలోనే నీళ్లు చల్లబడుతున్నాయని కబురొచ్చింది. ఈసారీ తప్పితే, పని నేర్పుతూ ఇప్పుడు వెంట వచ్చిన జమాల్ మేస్త్రి ఇక తనను ఒంటరిగా పనికి పంపడు.

"మేస్త్రీ, కొండనీళ్లు ఎంత చల్లగుంటాయో కొలిచినా. ఎన్ని డిగ్రీలు పెంచాల్నో మళ్లీ చూసినా. లెక్క తప్పలేదు. మరి ఎందుకు చల్లబడతాండాయి?"

ప్రశ్నకు నోటితో జవాబు చెప్పడం జమాల్ మేస్త్రికి అలవాటు లేదు. "కూచో" అన్నాడు.

శేషాచలం సారు తుండు కప్పుకొని వణుకుతూ బయటికొచ్చినాడు. "ఏం మేస్త్రీ, నీ శిష్యురాలు నన్ను చన్నీళ్ల సన్నాసిని చేసింది గదయ్యా."

పైన నీళ్లు ఇంకా పడుతూనే ఉన్నాయి. ముగ్గురూ కిందనే ఉన్నారు. సుగుణ లేచి మెట్లవైపు అడుగేయబోతే మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టినాడు. అంతలో కుళాయి మర కిర్రుమంది. ఒక చుట్టు, మరో చుట్టు. ధార సన్నబడి ఆగిపోయింది. తరవాత, ఎవరో పొడుగాటి జుట్టు పిండుకున్నట్టు, నాలుగు చుక్కలు మెల్లగా రాలినాయి.

మేస్త్రి పైకి చూడలేదు. ఎవరున్నారని అడగలేదు.

"సారూ, పది లీటర్లది పెడతాం. మీ ఇద్దరికీ చాలుతుంది" అన్నాడు, ఎండావానల సంగతి మాట్లాడినంత మామూలుగా.

ముసలాయన తుండు అంచుతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"పొద్దున్నే పైకి పోయి ఆ కుళాయి తిప్పేది నేనేనయ్యా. ఆ సద్దు వినబడకుంటే చెంబుడు నీళ్లు పోసుకోలేను." మెట్లకేసి చూడకుండానే, గొంతు తగ్గించి అన్నాడు: "కట్టేసేది మాత్రం నేను గాదు."

కొత్త గీజరు లెక్క రాయడానికి సుగుణ పుస్తకం తెరిచింది గాని పెన్ను కదల్లేదు.

"రాయమ్మా" అన్నాడు మేస్త్రి. "రెండు కుళాయిలు."