కనురెప్పకు తెలియని గుడ్డ

భావయ్యగారు తత్వం చెప్పేటప్పుడు ఆయన చేతులు ఊరికే ఉండగా నేను చూసింది ఒక్కసారే. ఆ సంగతి చివర చెబుతాను.

మిగతా రోజుల్లో ఆయన ముందు ఒక మట్టితొట్టి ఉండేది. తొట్టిలో ఏదో ఒక పాత పంచె నానుతూ ఉండేది. మాట మాట్లాడుతూనే దాన్ని పైకి తీసి పిండేవారు, మళ్ళీ ముంచేవారు. ఆరిన గుడ్డ ఉంటే ఒళ్ళో వేసుకుని రెండు అరచేతుల మధ్య నలుపుతూ కూర్చునేవారు. ఆ సాలెపేటలో బడి చెప్పడానికి వెళ్ళిన కొత్తలో నేను దీనికి చాలా అర్థాలు విన్నాను. మనసు పాత పంచె అనీ, దానికి పట్టిన గంజి అహంకారమనీ, నీళ్ళు గురుబోధ అనీ ఒక శిష్యుడు నన్ను కూర్చోబెట్టి గంటసేపు వివరించాడు. నేనూ తల ఊపాను. ఒకనాడు ధైర్యం చేసి ఆయన్నే అడిగితే, నావంక కాస్త జాలిగా చూసి, “గుడ్డ ఉతుకుతున్నాను మాస్టారూ” అన్నారు.

ఆ గుడ్డలు ఎక్కడికి పోతాయో పేటలో ఆడవాళ్ళకి తెలుసు. ఏ ఇంట్లోనైనా పురుడొచ్చిందని కబురు తెలిస్తే చాలు, గురువుగారింటి నుంచి చిన్న మూట ఒకటి ఆ గడపకి చేరేది. అందులో నాలుగు పొత్తిగుడ్డలు ఉండేవి. వెన్నలా ఉండేవి. సాలెవాళ్ళ ఇంట్లో మెత్తని గుడ్డ ఉండదంటే బయటివాళ్ళు నమ్మరు. మగ్గం మీద ఎప్పుడూ చీర ఉంటుంది, కానీ అది షావుకారుది. ఒంటిమీదది చిరిగేదాకా కడతారు. చిరిగిందంటే అది మగ్గం గుంటలో కాళ్ళకిందికి పోతుంది. ఇక కొత్తగా దిగిన గుడ్డంటారా, గంజి లేనిదే మగ్గం మీద పడుగు దారాలు నిలవవు కాబట్టి తాటాకులా గరగరలాడుతుంది. పైగా ఆ పేటలో ఒక ఆచారం ఉంది. బిడ్డ భూమ్మీద పడేదాకా బిడ్డ కోసం ఏదీ ఇంట్లోకి తేకూడదు, కుట్టకూడదు. అందుకే ఆ మూట ఎప్పుడూ పురుడు అయ్యాకే వెళ్ళేది.

గురువుగారికి పిల్లల్లేరు. ఆయన చిన్నతనంలో ఒక మగబిడ్డ పుట్టి పోయాడని పెద్దవాళ్ళు అనేవాళ్ళు. అంతకు మించి ఎవరూ ఎరగరు. భార్య పోయి కూడా చాలా ఏళ్ళయింది.

శిష్యుల్లో కోటిలింగం చురుకైనవాడు. పాతికేళ్ళ కుర్రాడు, తత్వాలు పాడితే గొంతు ఖంగుమనేది. వాదనకి కూర్చుంటే పెద్దవాళ్ళని కూడా తికమక పెట్టేవాడు. ఒక సోమవారం సాయంత్రం పాట అయిపోయాక అతను చేతులు కట్టుకుని అడిగాడు.

“గురువుగారూ, వస్తుందో రాదో తెలియనిదాని కోసం ముందే చేతులు కదపడం జ్ఞానమా, భ్రమా?”

గురువుగారు పంచె పిండుతూ తలెత్తకుండానే, “ఎన్నో నెల?” అన్నారు.

అందరూ గొల్లుమన్నారు. కోటిలింగం ముఖం కందిపోయింది.

“ఏడు పెట్టిందండి” అన్నాడు. ఆ తరవాత అతని గొంతులో తత్వం లేదు. పెళ్ళయిన నాలుగేళ్ళకి అతని భార్య దమయంతికి కడుపు నిలిచింది. ఒక్కసారిగా అన్నీ అమర్చుకునే తాహతు మనకి లేదు, ఇప్పట్నుంచే కొంచెం కొంచెం చేసుకుందామని దమయంతి అంటుంది. కోటిలింగం వాళ్ళమ్మ సుబ్బరత్తమ్మ వినదు. “వచ్చేదెవరో తెలియకుండా పక్క పరిస్తే, ఆ పక్క చూసుకుని ఇంకెవరో వస్తారే” అంటుంది. “ఆ ఇద్దరి మధ్యా నలిగిపోతున్నానండి. ఏది సబబో మీరు చెబితే అదే చేస్తాను.”

గురువుగారు తడి పంచె అతని చేతిలో పెట్టారు. “ముందు ఇది పిండు.”

“అమ్మ మా ఇంట్లో ఏదీ పెట్టొద్దందండి.”

“మీ ఇంట్లో వద్దంది. మా ఇంట్లో వద్దనలేదు కదా?”

అంతే. జ్ఞానమో భ్రమో ఆయన చెప్పలేదు.

ఆ రోజు మొదలు కోటిలింగం పొద్దుటే మగ్గంలో దిగేముందు ఒకసారి, సాయంత్రం దిగి వచ్చాక ఒకసారి గురువుగారింటికి వెళ్ళేవాడు. గుడ్డలు సమకూర్చే పని దమయంతి పెట్టుకుంది. చెరువుగట్టుకు వెళ్ళినట్టు వెళ్ళి, నాలుగిళ్ళు తిరిగి, నవ్వుతూ నవ్విస్తూ అడిగేది. కరణంగారింట్లో అరిగిపోయిన ధోవతి, పురోహితులింట్లో చీరముక్క, మా ఇంట్లో నావి రెండు పంచెలు. “మాస్టారూ, మీరు కూచుని కూచుని భలే మెత్తగా చేశారండీ” అంది నాతో. బిడ్డకి కుట్టిన జుబ్బాలకి గుండీలు పెట్టకుండా ముడివేసే దారాలే పెట్టింది. కుట్లు ఒంటికి రాసుకోకుండా పైవైపుకి వచ్చేట్టు తిప్పి కుట్టింది. మగ్గం మీద మిగిలిన నూలుకొసలు పోగుచేసి, పాత చీరల మధ్య పరిచి, మూరెడు బొంత కుట్టింది. అన్నిటికీ కలిపి ఆమె డబ్బు పెట్టి కొన్నది ఒక్క సూది.

అన్నీ గురువుగారింట్లో చిన్న ట్రంకుపెట్టెలో చేరుతున్నాయి. ఒక్కటి మాత్రం కుదరలేదు. తల గుండ్రంగా తిరగాలంటే పసిబిడ్డ కింద ఆవాల దిండు ఉండాలి. దానికి శేరు ఆవాలు కావాలి. పోపులడబ్బా అత్తగారి చేతిలో ఉంటుంది. అడిగితే ఎందుకని అడుగుతుంది. “పోనీలే, అదొక్కటీ పుట్టాక చూసుకుందాం” అంది దమయంతి.

కోటిలింగం ఎంత నలిపినా గురువుగారికి నచ్చేది కాదు. వారం తిరిగాక ఒకనాడు, “ఇంకెంత మెత్తగా ఉండాలండీ? నా చేతులు అరిగిపోతున్నాయి” అన్నాడు విసుగ్గా.

“సాలెవాడి చేతికి ఏం తెలుస్తుందిరా! కాయలు కాసిన చెయ్యి. కళ్ళు మూసుకో.” గుడ్డ అంచు తీసి అతని కనురెప్ప మీద పెట్టారు. “తెలుస్తోందా?”

“తెలుస్తోందండి.”

“తెలిస్తే ఇంకా అవలేదన్నమాట. ముంచు.”

ముప్ఫై రోజులు పైగా అలా గడిచాయి. తరవాతొకనాడు కోటిలింగం కళ్ళు మూసుకుని చాలాసేపు కూర్చుని, “పెట్టండి గురువుగారూ” అన్నాడు. “పెట్టి ఎంతసేపయిందనుకున్నావు?” అన్నారాయన. ఆ పూట కోటిలింగం ఎంత సంబరపడ్డాడో చెప్పలేను. ఆ గుడ్డ పట్టుకుని నా దగ్గరికి వచ్చి నా కనురెప్ప మీద కూడా పెట్టి చూశాడు.

శ్రావణంలో ముసురు పట్టింది. ఎనిమిదో నెల సగం కూడా కాలేదు. ఒకరోజు తెల్లవారుతూనే దమయంతికి నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని మరియమ్మ వచ్చి చెయ్యివేసి చూసి, నీళ్ళు కాచమంది. ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ నిలవదని మా వైపు ఒక మాట. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ నోటితో అనలేదు. కోటిలింగం వానలో పరుగెత్తి గురువుగారింటికి వెళ్ళి మూట తెచ్చాడు, తడవకుండా చొక్కాలో పెట్టుకుని. గుమ్మంలో వాళ్ళమ్మ అడ్డంగా నిలబడి ఉంది.

“ఏంట్రా అది?”

అతను చొక్కాలోంచి మూట తీశాడు.

“ఎక్కడ దాచావు ఇన్నాళ్ళూ?”

“గురువుగారింట్లో.”

సుబ్బరత్తమ్మ మూట అందుకుని ముడి విప్పింది. ఒక్కో గుడ్డా తీసి చెంపకి ఆనించి చూసుకుంది. ఆ తరవాత బియ్యంకుండ వెనక్కి చెయ్యి పెట్టి ఏదో తీసింది. అరచెయ్యంత దిండు. కదిపితే లోపల ఆవాలు సన్నగా గలగలలాడాయి.

“పురుగు పడతాయని తీసి కట్టిపెట్టా. అంతే” అంది, కొడుకు ముఖం చూడకుండా.

బిడ్డ పొద్దెక్కాక పుట్టింది. ఆడపిల్ల. పిడికెడంత ఉంది. ఒక్కసారి పిల్లిపిల్లలా సన్నగా ఏడిచి ఊరుకుంది. ఊపిరి తేలిగ్గా ఆడటం లేదనీ, బస్తీ ఆసుపత్రికి తీసుకెళ్ళమనీ మరియమ్మ చెప్పింది. కోటిలింగం కాలవ దగ్గరికి పరుగెత్తాడు. కాలవ పొంగి బల్లకట్టుని ఒడ్డున కట్టేశారు. ఈది వెళ్ళగలడు గానీ, బిడ్డని ఎత్తుకుని ఎలా ఈదుతాడు? గట్టు మీద కాసేపు నిలబడి వెనక్కి వచ్చాడు. బిడ్డ ఆవాల దిండు మీద తల పెట్టుకుని, మెత్తని గుడ్డల్లో, తల్లి రొమ్ము పక్కన పడుకుని ఉంది. మధ్యాహ్నం రెండు చుక్కలు పాలు మింగింది. సుబ్బరత్తమ్మ దీపం వెలిగించే వేళకి మరియమ్మ బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, ఆ వేలు తీయకుండా అలాగే ఉండిపోయింది.

పుట్టినప్పుడు కట్టిన గుడ్డల్లోనే మట్టిలో పెట్టారు.

పదకొండు రోజులు పోయాక కోటిలింగం మళ్ళీ వచ్చాడు. సోమవారం. పాటకి చేరినవాళ్ళం ఏడెనిమిది మందిమి ఉన్నాం. మిగిలిన జుబ్బాలూ, బొంతా మూట కట్టి తెచ్చి గురువుగారి ముందు పెట్టి కూర్చున్నాడు. భుజం మీద కొత్త తువ్వాలు ఉంది, అప్పుడే మగ్గం దిగినట్టుంది, గంజి మడతలు కూడా పోలేదు. గురువుగారు తొట్టిలో గుడ్డ తడుపుతూనే ఉన్నారు.

“పేటంతా అంటున్నారండీ, ముందే పక్క పరిచారు, అది చూసుకుని చావు వచ్చిందని” అన్నాడు. “మా అమ్మ మాత్రం ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.”

గురువుగారు ఊ కొట్టారు.

“నేనడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు. గుడ్డ చేతికిచ్చారు. ముప్ఫై రోజులు పైగా నలిపానండీ. ఒక్క పగలు, అంతే. పొద్దున కట్టాం, దీపాలవేళకి...” మూట ముందుకి తోసి, గట్టిగానే అన్నాడు: “ఆ పనంతా దేనికండీ? దేనికి పనికొచ్చింది?”

వెనక కూర్చున్నవాళ్ళలో ఒకాయన కర్మ గురించి ఏదో మొదలుపెట్టబోయాడు. గురువుగారు తడిచెయ్యి ఎత్తి ఆపారు.

“పిల్ల ఏడ్చిందా?”

“పుట్టగానే ఒకసారి. తరవాత లేదండి. నిద్రపోయింది.”

“పోయాక ముఖం చూశావా?”

“చూశాను.”

“సరిగ్గా చూశావా?”

“నేనే ఎత్తుకుని తీసుకెళ్ళానండీ.”

“బుగ్గ మీద గీతేమైనా ఉందా?”

కోటిలింగానికి అర్థం కాలేదు. “ఏం గీత?”

గురువుగారు అతని భుజం మీది కొత్త తువ్వాలు లాగి, దాని అంచు అతని మణికట్టు లోపలివైపు పెట్టి, బొటనవేలితో కాసేపు నొక్కి పట్టారు. తీశాక అక్కడ సన్నగా, ఎర్రగా, దారం పెట్టినట్టు గీత పడి ఉంది.

“ఇలాంటిది.”

కోటిలింగం ఆ గీత వంక చూశాడు. తరవాత తల అడ్డంగా ఊపాడు. “లేదండి. ఏమీ లేదు. నున్నగా ఉంది. నిద్రలో ఉన్నట్టే ఉంది.”

గురువుగారి చేతులు తొట్టి అంచు మీద ఆగిపోయాయి. నేను మొదట చెప్పింది ఆ పూట సంగతే. వేళ్ళ చివర్ల నుంచి నీళ్ళు తొట్టిలోకి కారుతున్నాయి. ఆయన తుడుచుకోలేదు. చాలాసేపటికి, కోటిలింగం మణికట్టు మీద ఆ గీత చెరిగిపోయాక, అన్నారు:

“మావాడికి ఉంది, నాయనా.”