ముప్పై ఏడో పేరు

మూలసిరి ఆ బౌద్ధ విహారానికి వచ్చి రెండేళ్ళయింది. ఇంతవరకూ ఒక్క స్నేహితుడు లేడు. అతని యాస వేరు, మాట నిదానం. అతను నోరు తెరిచేలోపు పక్కవాళ్ళు ఇంకో సంగతిలోకి వెళ్ళిపోయేవారు. రాతగదిలో ఓ మూల కూర్చుని తాటాకుల మీద గ్రంథాలు రాసుకుంటూ ఉండేవాడు. తను లేకపోయినా ఇక్కడ ఎవరికీ తెలియదని అతని నమ్మకం. ఆ నమ్మకాన్ని దాచుకున్నంత భద్రంగా రాసిన గ్రంథాలను కూడా దాచలేదు.

విహారంలో గదులన్నీ కొయ్యవి, పైన తాటాకు కప్పు. అందుకే గురువు ధర్మనంది ఒక నియమం పెట్టాడు. భేరి మోగితే చేతిలో పని అక్కడే వదిలి, దేనికోసమూ వెనక్కి వెళ్ళకుండా, అందరూ ముందు వాకిట్లోకి రావాలి. వరసగా నిలబడి ఎవరి పేరు వాళ్ళు గట్టిగా చెప్పాలి. ప్రతి అమావాస్యకూ ఇలా ఒకసారి చేసి చూసేవారు. మొత్తం ముప్పై ఏడుగురు. మూలసిరి చివరివాడు. అతని వంతు వచ్చేసరికి ముందువాళ్ళు కబుర్లలో పడేవారు. వినేవాడు లేకుండా తన పేరు తానే చెప్పుకోవడం అతనికి చిన్నతనంగా ఉండేది.

ఒక ఉదయం, భిక్షువులు కట్టుకునే చీవరాలకు కావి రంగు మరిగించే పొయ్యిలోంచి నిప్పురవ్వ ఎగిరి రాతగది కప్పు మీద పడింది. భేరి మోగింది. మూలసిరి రాస్తున్న ఆకు అక్కడే వదిలేసి పక్క తలుపులోంచి బయటపడ్డాడు. అంతవరకూ బాగానే చేశాడు. కానీ వాకిట్లోకి వెళ్ళలేదు. నేను క్షేమంగానే ఉన్నాను కదా, ఆ గుంపులో నాకేం పని అనుకుని ఏటి ఒడ్డున కూర్చున్నాడు. చాలాసేపు పొగ చూస్తూ ఉన్నాడు. ఎవరూ వెతుక్కుంటూ రాలేదు. అతనికి ఏడుపొచ్చింది.

పొగ పలచబడ్డాక తిరిగొచ్చాడు. వాకిట్లో ఉన్నవాళ్ళు అతన్ని చూసి ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. రాతగది కప్పు కూలిపోయి ఉంది. ధర్మనంది అరుగు మీద కూర్చున్నాడు. ఆయన చేతులు మోచేతుల దాకా కాలాయి. ఎవరో కలబంద గుజ్జు రాస్తున్నారు.

ముప్పై ఆరు పేర్లు వినిపించి ఆగిపోయాయని ఒక భిక్షువు మెల్లగా చెప్పాడు. నియమం పెట్టినవాడే నియమం తప్పాడట. నలుగురు పట్టుకున్నా ఆగకుండా లోపలికి వెళ్ళి, మండుతున్న వాసాలు ఎత్తి ఎత్తి వెతికాడట.

"లోపల గురువుగారు నీ పేరు పిలుస్తూనే ఉన్నారు," అన్నాడు ఆ భిక్షువు.

మూలసిరి గురువు ముందు కూలబడ్డాడు.

"ఏటి దగ్గరే ఉన్నాను స్వామీ. నాకోసం ఎవరైనా వస్తారనుకోలేదు."

భోజనాల వేళయింది. ధర్మనంది పాత్రలో అన్నం వడ్డించి తెచ్చి ముందు పెట్టారు. ఆయన తన చేతుల వంక చూసుకుని, మూలసిరిని దగ్గరికి రమ్మన్నాడు. అన్నం కలిపి పెట్టమన్నాడు.

మూలసిరి ముద్ద కలిపి నోటికి అందించాడు. నాలుగు మెతుకులు కింద పడ్డాయి. గురువు నిదానంగా నమిలి మింగాడు.

"ఇవి మానడానికి ఎన్నాళ్ళు పడుతుందో," అన్నాడు. "నువ్వు రాని పూట నాకు పస్తే."