గొంగడి విసిరేసిన ఓదెమ్మ

గుట్టలకింకా పేర్లు పెట్టని కాలమది. ఆ గుట్టల నడుమ గొర్లు కాసుకునే కురుమల పల్లె ఒకటుండేది. ఆ పల్లెలో ఓదెమ్మ అని ఒక ఇల్లాలు. పెద్దింటి బిడ్డ కాదు, పేరు మోసిన మనిషీ కాదు. ఉన్ని వడికేది, మందను చూసుకునేది, ఇంటిల్లిపాదికీ వండి పెట్టేది. అంతే. మరి ఇన్ని తరాలుగా ఆమెను ఎందుకు తలుచుకుంటున్నారంటారా? వినండి.

ఓదెమ్మ మొగుడు బీరయ్య. బీరయ్య తమ్ముడి పెళ్ళాం ఐలవ్వ. యారాండ్లిద్దరిదీ ఒకే పొయ్యి, ఒకే కుండ. ఐలవ్వ కాపురానికొచ్చినప్పుడు ఒట్టి పసిది. ఆమెకు తల దువ్వింది ఓదెమ్మ. కదురు పట్టడం నేర్పింది ఓదెమ్మ. పురిటి మంచం మీద ఉంటే జొన్న గటక కలిపి నోటికందించిందీ ఓదెమ్మే. ఓదెమ్మ నవ్వితే నాలుగిళ్ళ అవతలికి వినపడేది.

అలాంటి మనిషి నడివయసు దాటుతుండగా మారిపోయింది.

చలికాలం పొద్దున్నే అందరూ గొంగళ్ళు కప్పుకుని నెగడు చుట్టూ చేరేవాళ్ళు. ఓదెమ్మ మాత్రం ఉన్నట్టుండి మొహం ఎర్రబడి, చెమటలు కారుతుంటే గొంగడి విసిరేసి మంచులోకి పోయి నిలబడేది. కాసేపటికి వణుక్కుంటూ వచ్చి మళ్ళీ కప్పుకునేది. కంటికి కునుకు లేదు. కూర అడుగంటితే ఏడ్చేది. గొర్రెపిల్ల అరిస్తే కసిరేది. కసిరినందుకు దాన్నే ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ ఏడ్చేది.

"ఏమైందక్కా నీకు?" అని అడిగింది ఐలవ్వ.

"నాకే తెల్వదు చెల్లె. లోపల ఎవరో పొయ్యి రాజేసినట్టుంటది. ఊకెనే కోపమొస్తది, ఊకెనే ఏడుపొస్తది. జరసేపు నా పక్కన కూసో. నీకో మాట చెప్పాలె."

"పిల్లలకు పాలు పట్టాలె అక్కా. రేపు కూసుంటా."

రేపు వచ్చింది. "జరసేపు కూసో చెల్లె, ఒక మాట చెప్పాలె" అంది ఓదెమ్మ. "ఉన్ని నానబెట్టిన అక్కా, పాడైతది" అంది ఐలవ్వ.

ఆ తర్వాత ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. ఓదెమ్మకు దయ్యం పట్టిందన్నారు. చలిలో చెమట పోసేది దయ్యానికే అన్నారు. "జరసేపు కూసో చెల్లె" అని ఓదెమ్మ మూడోసారి పిలిచింది. ఐలవ్వ బిడ్డ చెయ్యి పట్టుకుని గడప అవతలే నిలబడింది.

"నాకు భయమైతుందక్కా" అంది.

ఓదెమ్మ ఇక పిలవలేదు.

బీరయ్య మూడు గుట్టలు దాటిపోయి భూతవైద్యుణ్ణి పిలుచుకొచ్చాడు. వాడు ఓదెమ్మను గుంజకు కట్టించాడు. వేపమండలతో కొట్టాడు. మిరపకాయల పొగ పెట్టాడు.

"ఎవరు నువ్వు? పేరు చెప్పు!"

"ఓదెమ్మను."

"నిజం చెప్పు!"

"ఓదెమ్మను."

"చెప్తవా, చెప్పవా?"

"ఓదెమ్మను అయ్యా. ఈ ఇంటి కోడల్ని."

మొండి దయ్యం, అన్నాడు వాడు. అది దిగేదాకా ఇంట్లో ఉంచొద్దన్నాడు. గుట్ట వాలున గొర్ల దొడ్డి పక్కన ఒక గుడిసెలో పెట్టారు ఆమెను. ఐలవ్వ రోజూ గటక ముంత గుడిసె ముందు పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసేది.

ఒక పొద్దున పోయేసరికి నిన్నటి ముంత పెట్టినచోటే ఉంది. ఐలవ్వ గుడిసెలోకి తొంగి చూసింది. ఓదెమ్మ ఒరిగిపోయి ఉంది. కింద పరిచిన బొంత నెత్తుటితో తడిసి ఉంది. గుడిసె వెనక బండల మీద, ఉతికి ఉతికి పీలికలైన పాత గుడ్డలు ఆరేసి ఉన్నాయి. అది ఒకనాటి నెత్తురు కాదు. నెలకోసారి వచ్చి పోవలసింది ఎన్నో నెలలుగా ఆగకుండా పోతూనే ఉంది. ఆమె చెప్పాలనుకున్న మాట అదే.

దయ్యం తీసుకుపోయిందన్నారు ఊరంతా. ఐలవ్వా అదే అంది. అలా అనుకోవడమే తేలిక.

ఏళ్ళు గడిచాయి. ఐలవ్వ తల నెరిసింది. ఒక చలి పొద్దున నెగడు దగ్గర కూర్చుని ఉంటే, గుండెల్లోంచి మెడకు, మెడలోంచి మొహానికి నిప్పు పాకింది. గొంగడి విసిరేసింది. అందరి కళ్ళూ ఆమె మీదికే తిరిగాయి. ఆ చూపు ఆమెకు తెలుసు. ఒకప్పుడు తన కళ్ళతోనే చూసింది.

ఎవరితోనూ చెప్పకుండా మంత్రసాని దగ్గరికి నడిచింది. ఆ ముసలామె ఇల్లు ఒక్క గుట్ట అవతలే.

"దయ్యమా?" అంది మంత్రసాని. "కాదు బిడ్డా. పిల్లల్ని కనే కాలం ఆడదాని ఒంట్లోంచి ఊకెనే పోదు. ఒంటిని కుదిపి పోతది, మనసును కుదిపి పోతది. కొందరికి తెల్వకుండనే పోతది. కొందర్ని మంచాన పడేస్తది. నాకూ అయింది."

"నెత్తురు ఆగకుండ పోతే?"

"అట్లయితే జల్దీ తేవాలె. అందర్నీ బతికించిన అనను. కొందర్ని బతికించిన. తెస్తే గద తెలిసేది!"

ఐలవ్వ తిరుగుదారిలో గుట్ట మీదే కూలబడింది. మూడు గుట్టల అవతలికి పోయాం, ఒక్క గుట్ట దాటలేదు కదా అని గుండెలు బాదుకుంది.

ఉన్ని కత్తిరించే రోజు పల్లెంతా ఒకచోట చేరింది. ఐలవ్వ లేచి నిలబడింది.

"మా అక్కకు దయ్యం పట్టలే. ముట్లుడిగే కాలమొచ్చింది. నాకిప్పుడు వచ్చింది, మీకు రేపొస్తది. మూడుసార్లు పిలిచిందామె నన్ను. నేను పోలే."

ఆడవాళ్ళు సిగ్గుతో నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ముసలి బీరయ్య చేతిలోని కత్తెర జారిపోయింది.

"పేరడిగితే ఓదెమ్మనే అన్నది గద," అన్నాడు మెల్లగా. "నిజమే చెప్పింది."

ఆనాటి నుంచి ఆ గుట్టల్లో ఉన్ని కత్తిరించినప్పుడల్లా మొదటి ఉన్ని ఓదెమ్మ పేరిట పరుస్తారు. దాని మీద పెద్ద వయసు ఆడవాళ్ళు కూర్చుని, ఒంటికి ఏ వయసులో ఏమవుతుందో చిన్నవాళ్ళకు చెప్తారు. మగవాళ్ళూ వింటారు. ఐలవ్వ మాత్రం బతికినన్నాళ్ళూ ఆ ఉన్ని మీద కూర్చోలేదట. పక్కన ఒట్టి నేల మీదే కూర్చుని చెప్పేదట.

ఇప్పటికీ ఆ దిక్కున ఎవడైనా "మా అమ్మకు తిక్క పట్టింది, దయ్యం పట్టింది" అని నోరు జారితే, పెద్దవాళ్ళు ఒక్కటే మాట అంటారు:

"ఓదెమ్మను మళ్ళీ చంపకురా."