నాంచారమ్మకు వచ్చిన జాబు

అనగనగా ఒక కాలవ. ఆ కాలవ మీద పడవలు. ఆ పడవల్లోనే పెళ్ళివారు వచ్చేవారు, ఉప్పు బస్తాలు వచ్చేవి, ఉత్తరాలు వచ్చేవి. బస్సు మొహం ఎవరూ చూడని రోజులవి. ఇప్పుడు ఆ కాలవనిండా గుర్రపుడెక్కే. అప్పుడు మాత్రం తెరచాప కనిపిస్తే చాలు, ఊరంతా రేవులో ఉండేది.

ఆ ఒడ్డున తుంగచాపలు అల్లే నాంచారమ్మ ఉండేది. మొగుడు బసవయ్య, పదేళ్ళ కూతురు కన్నమ్మ. అంతే ఆమె సంసారం.

ఒక ఏడు ఆమెకు ఎడమ రొమ్ములో గడ్డ లేచింది. రేవు పక్క పెంకుటాసుపత్రిలో డాక్టరమ్మ చూసింది. చూసి బసవయ్యను లోపలికి పిలిచి చెప్పింది. బసవయ్య బయటికొచ్చి, "ఏం లేదే, ఒట్టి గడ్డ" అని కూతురి మీద ఒట్టేశాడు. నాంచారమ్మ నమ్మింది. గడ్డ కోస్తామని మత్తిచ్చారు. తెలివొచ్చేసరికి రొమ్ము లేదు. అది రాచపుండని మూడు నెలల తర్వాత, బట్టలుతికేచోట ఎవరో నోరుజారితే తెలిసింది. ఆ రోజు ఆమె ఉతికిన చీరే మళ్ళీ మళ్ళీ ఉతుకుతూ కూర్చుంది.

ఏడాది తిరిగింది. పొత్తికడుపు బరువెక్కింది. డాక్టరమ్మ చెయ్యేసి చూసింది.

"గర్భసంచికి అటొకటి, ఇటొకటి తిత్తులున్నాయి నాంచారమ్మా."

"ఆ పాత జబ్బేనా తల్లీ?"

"అవ్వొచ్చు, కాకపోవచ్చు. సూదితో నీరు తీసి పట్నం పంపుతాను. జాబు రావాలి."

జాబులు శుక్రవారం పడవలో వచ్చేవి.

మొదటి శుక్రవారం నాంచారమ్మ ఆసుపత్రికి వెళ్ళింది. "వచ్చిందా బాబూ?" అంది. "రాలేదమ్మా, పైవారం రా" అన్నాడు కాంపౌండరు. ఇంటికొచ్చి చాప మొదలెట్టింది. అంచు వంకరపోయింది. విప్పింది. మళ్ళీ వంకరపోయింది.

రెండో శుక్రవారం వెళ్ళింది. "వచ్చిందా బాబూ?" "రాలేదమ్మా, పైవారం రా." ఆ వారమంతా కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని అంచు మడవడం నేర్పింది. "ఇప్పుడే ఎందుకమ్మా?" అంది కన్నమ్మ. "నేర్చుకో, పనికొస్తుంది" అంది. పిల్ల వేళ్ళు తుంగ కోసుకుని ఎర్రబడితే నోటి దగ్గర పెట్టుకుని ఊదింది.

మూడో శుక్రవారం బసవయ్యను వెంటబెట్టుకుని వెళ్ళింది. "వచ్చిందా బాబూ?"

కాంపౌండరు ఆమెను కాదని, బసవయ్యను లోపలికి రమ్మన్నాడు.

ఆమె వరండాలో బల్ల పట్టుకుని నిలబడింది. కాసేపటికి బసవయ్య పరుగున వచ్చాడు. కళ్ళనిండా నీళ్ళు, మొహంనిండా నవ్వు.

"ఏం లేదంట నాంచారూ! ఒట్టి నీటి తిత్తులంట!"

నాంచారమ్మ పట్టుకున్న బల్ల వదల్లేదు.

"నిరుడూ ఏం లేదన్నావు మావా."

"ఇప్పుడు నిజంగానే చెబుతున్నానే. పిల్ల మీద ఒట్టు."

"నిరుడూ పిల్ల మీదే ఒట్టేశావు."

ఆమె తలుపు తోసుకుని లోపలికెళ్ళింది. డాక్టరమ్మ లేచి నిలబడింది.

"నువ్వు బెంగపడతావనే అప్పుడు దాచాం నాంచారమ్మా."

"దాచి మీరంతా నిద్రపోయారు తల్లీ. నాకే నిద్ర లేదు. ఇప్పుడు మంచి మాటొచ్చినా అది మంచిదని నమ్మలేకపోతున్నాను. నా ఒళ్ళు, నా జాబు. నాకే చదవండి."

డాక్టరమ్మ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది. ఎదురుగా కూర్చుని జాబు చదివింది. ఒక్కో ముక్కా తెలుగులో చెప్పింది. కాగితం వెనక గర్భసంచి, రెండు తిత్తులు గీసి చూపించింది.

"మళ్ళీ చదవండి."

మళ్ళీ చదివింది.

"ఇంకొక్కసారి."

మూడోసారికి నాంచారమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గుమ్మంలో బసవయ్య కూలబడిపోయాడు. "తప్పయిపోయిందే" అన్నాడు.

తర్వాత పదకొండేళ్ళు చాపలల్లింది. పదకొండో ఏట పాత జబ్బు తిరగబెట్టింది. ఈసారి డాక్టరమ్మ ముందు ఆమెకే చెప్పింది. నాంచారమ్మ అడిగిందొకటే.

"మా కన్నమ్మకు నెలలు నిండుతున్నాయి. పురుడు చూస్తానా?"

"చూస్తావు. ఆపైన ఎక్కువ కాలం ఉండవు."

ఆమె ఇంటికెళ్ళి, మెత్తటి లేత తుంగ ఏరి పసిబిడ్డ చాప అల్లింది. మనవరాలిని దానిమీద పడుకోబెట్టుకుని చూసుకుంది. చూసుకున్న నెలకు కళ్ళు మూసింది.

పడవలు పోయాయి, పెంకులు పోయి ఆసుపత్రికి డాబా వచ్చింది. ఇప్పటికీ అక్కడ ఆడమనిషికి జాబొస్తే, "నాంచారమ్మకు చదివినట్టు చదవండి" అంటారు. డాక్టరు ఎవరైనా సరే, ఎదురుగా కూర్చుని మూడుసార్లు చదువుతారు. అంతసేపూ మొగవాళ్ళు వరండాలో కాచుకుంటారు. వాళ్ళకు అక్కడున్న ఆడవాళ్ళెవరో ఒకరు లేచి మంచినీళ్ళిస్తారు.